గోడ మీద గరిక

నా పని చెరపడం. అంబత్తూరు ఎస్టేట్‌లో బోల్టులు చేసే కంపెనీ ఒకటుంది, దాని మేడ మీద మా ఆఫీసు. ఆఫీసు అనగానే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, ఆ ఏసీ కింద ఎవరు కూర్చోవాలని రోజూ ఒక తగువు. జనం పంపిన ఫొటోల్లో కావలసిన వస్తువు ఒక్కటీ ఉంచి, చుట్టూ ఉన్నదంతా చెరిపేసి, తెల్లగా చేసి తిరిగి పంపుతాం. విత్తనాల ప్యాకెట్ మీద ముల్లంగి, ఊరగాయ సీసా మీద నిమ్మకాయ, నర్సరీవాళ్ల పుస్తకంలో మందారం, ఇట్లాంటివి నా చేతి కింద నుంచి చాలానే పోయాయి.

మా దగ్గర ఒక పద్ధతుంది. కింద వేలాడేది ఏదైనా తీసెయ్యాలి. తోటకూర కట్ట ఫొటో వస్తే ముందు వేళ్లు కోస్తాం, తర్వాతే ఆకుల సంగతి. కొనేవాళ్లకు ఆకు కావాలి గానీ మట్టి ఎందుకు? ఈ పద్ధతి పెట్టింది నేనే, కొత్తగా చేరినవాళ్లకు నేర్పింది నేనే, మరిచిపోయినవాళ్లను తిట్టిందీ నేనే. నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరూ అంటారు. అది కోపం కాదు, శుభ్రం అని నేనంటాను. ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

పోయినేడు ఎండలు తగ్గే రోజుల్లో మాకొక వింత పని వచ్చింది. ముల్లంగీ కాదు, ఊరగాయా కాదు. ఎక్కడిదో ఒక లైబ్రరీలోని పాత కాగితాల ఫొటోలు. కాల్చిన రొట్టె రంగు కాగితం మీద వరసలు వరసలుగా తలలు. మొండెం లేదు, చేతులు లేవు, పక్కకు తిరిగిన ముఖాలు మాత్రమే. ఒక్కొక్క తల నుంచి సన్నటి గీత బయల్దేరి ఒక మొక్క దగ్గరికి పోతుంది. ఒకడికి రెల్లు, ఒకడికి నాగజెముడు, ఒకడికి రేకులు విప్పిన పువ్వు, ఇంకొకడికి మూడు కొమ్మల చెట్టు. మా సూపర్‌వైజరు ఒక తమిళమ్మాయి, నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆ బొమ్మల సంగతి తనే చెప్పింది. మెక్సికోలో కొన్ని వందల ఏళ్ల కిందట నాహువాట్ల్ అనే భాష మాట్లాడేవాళ్లు, ఊళ్లో ఎవరెవరు ఉన్నారో ఇట్లా బొమ్మలతో రాసిపెట్టారట. తల అంటే మనిషి. గీత చివర ఉన్న బొమ్మ ఆ మనిషి పేరు. జంతువుల పేర్లు, పక్షుల పేర్లు కూడా ఉంటాయట గానీ, మాకు వచ్చినవి మొక్కల పేర్లు. ఎవరో చదువుకునేవాళ్ల కోసం ఒక్కో మొక్కనూ విడిగా తీసి ఇవ్వాలి.

"రేషన్ కార్డు మాదిరా?" అన్నాను. అట్లాంటిదే అంది.

నాకు ఆ మనుషులు వెంటనే నచ్చారు. మా తెలుగువాళ్ల ఇంటిపేర్లలో మాత్రం ఎన్ని చెట్లు లేవు! ఈ తమిళ ఊళ్లో తరతరాలుగా ఉండిపోయిన మాబోటి వాళ్లం పెళ్లి సంబంధాలప్పుడు తప్ప వాటిని బయటికి తీయం, అంతే. మా ఇంటిపేరులోనూ ఒక చెట్టుంది. ఏ చెట్టో చెప్పను. ఇందులో ఎవరి పేరూ చెప్పనని ముందే అనుకున్నాను. ఎందుకో కొంచెం ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

నచ్చనిది ఒక్కటే. ఆ మొక్కల్లో చాలావాటికి వేళ్లు కూడా గీశారు. కింద నేల లేదు, మట్టి లేదు, ఊరికే గాలిలో వేళ్లు, కొన్నింటికి రంగు కూడా వేసి. నిక్షేపంలా ఉన్న మొక్కను ఎవరో పెరికి, చేత్తో ఎత్తి చూపిస్తున్నట్టు అనిపించింది. మామూలు రోజుల్లో అయితే అట్లా అనిపించేది కాదు. అప్పుడు మా ఇంట్లో ఉన్న పరిస్థితి అట్లాంటిది.

మాధవరంలో పాల కాలనీ వెనక వీధిలో మా ఇల్లు. మా ఆయన పోయాక నేనొక్కదాన్నే ఉంటాను. ఆ రోజుల్లో మా అమ్మాయి వచ్చి నా దగ్గర పడుకుని ఉంది. పడుకుని ఉంది అంటే నిజంగానే పడుకుని ఉంది. కడుపుతో ఉండటం అది మూడోసారి. ముందు రెండుసార్లూ నిలవలేదు. ఈసారి మాయ బాగా కిందికి ఉంది, ఎప్పుడైనా రక్తం పోవచ్చు, బాత్‌రూముకు తప్ప మంచం దిగొద్దు అన్నది డాక్టరమ్మ. మా అల్లుడు ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు, పగలంతా వాళ్లింట్లో చూసేవాళ్లు లేరు. అందుకని ఇద్దరూ నా ఇంటికే వచ్చేశారు. నేను ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో మొండికేసి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. మంచం పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద నా చెరిపే పని.

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. బిడ్డ భూమ్మీద పడి, పురుడు వెళ్లేదాకా పేరు మాటెత్తకూడదు. అనుకోకూడదు, వెతకకూడదు, ఎవరైనా అడిగితే వినపడనట్టు లేచిపోవాలి. గౌను కొనకూడదు, అటక మీద ఉయ్యాల దుమ్ము దులపకూడదు. మా అమ్మ పాటించింది, నేనూ పాటించాను. ఈసారి దాన్ని ఇంకా బిగించాను. గాజుల వేడుక కూడా వద్దన్నాను. పేరు పైకి అంటే ఎవరో వింటారని నా భయం. ఎవరు వింటారో నాకూ తెలీదు. తెలీనంత మాత్రాన భయం ఊరుకుంటుందా?

అందుకే ఆ వేళ్లు కనపడితే చాలు, మా పద్ధతి ఉండనే ఉంది కదా అని, చకచకా కోసేస్తూ పోయాను. ఒకరోజు మా అమ్మాయి మంచం మీద నుంచే తొంగి చూసింది.

"అమ్మా, ఈ చెట్టుకు వేళ్లేడ పోయినాయి?"

"కోసేసినా."

"ఏంటికిమా? బాగుండాయి కదా."

"అది మా రూలు. నువ్వు సుమ్మా, గమ్మున పడుకో."

తనకా పొద్దుపోదు. ఫోన్‌లో చదివి చదివి, సినిమాలు చూసి చూసి విసుగెత్తి ఉంది. ఈ బొమ్మలు దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. నేను మొక్కను కోసి పక్కన పెట్టేలోపు తను ఫోన్‌లో దాని సంగతి వెతికి పెట్టేది. ఉషారు వస్తే తమిళంలోకి దూకేస్తుంది, నేను తెలుగులోనే జవాబిస్తాను. ఒకే మొక్కను ఒక్కో చేయి ఒక్కో రకంగా గీస్తుందని తనే కనిపెట్టింది. ఒకాయన నాగజెముడుకు ముళ్లన్నీ ఓపిగ్గా పెట్టాడు, ఇంకొకాయన పైన నాలుగు పండ్లు పెట్టి పని అయిందనిపించాడు. పువ్వును ఒకరు నిలువునా కోసినట్టు పక్క నుంచి గీస్తే, ఒకరు పై నుంచి చూసినట్టు గుండ్రంగా గీశారు. కింద ఏమీ వేలాడకుండా గుండ్రంగా గీసినాయన మా ఆఫీసులో పనికొస్తాడు అనుకున్నాను.

"ఈ గడ్డిని చూడుమా, తాడు మాదిరి మెలిపెట్టి గీసిండారు. గడ్డి అని కూడా పేరు పెట్టుకుంటారంట."

"మొగోడికి గడ్డి అని పేరా? పెళ్లాం ఎట్ల పిలిచిందో పాపం!"

"ఆమె పేరు ముల్లేమో, నీకేం తెలుసు?" అని పకపకా నవ్వింది.

"నవ్వొద్దే, కడుపు అదురుతాది," అన్నాను. ఆ రోజుల్లో తను నవ్వినా నాకు భయమే.

ఒక ఆదివారం సాయంత్రం తనకు తల దువ్వుతున్నాను. డాక్టరమ్మ ఎడమవైపు తిరిగి పడుకోమంది, ఎడమవైపు గోడ ఉంది. జడ అల్లడానికి కొంచెం ముందుకు వంగితే గోడ మీద ఏదో కనిపించింది. పెన్సిల్ గీతలు. బొటనవేలి గోరంత తల, కన్ను బాగా తెరిచి ఉంది. తల నుంచి ఒక సన్న గీత. గీత చివర గరిక. నేల మీద పాకే మామూలు గరికే, కణుపు కణుపుకూ చిన్న చిన్న వేళ్లతో సహా.

దువ్వెన పక్కన పెట్టి ఇంకా వంగి చూశాను.

"ఏందే ఇది?"

"బొమ్మమా."

"బొమ్మని నాకు తెలీదా? ఏం బొమ్మ?"

గోడవైపే చూస్తూ అంది. "నోటితో ఒక్క మాట అనలేదుమా. రాయలేదు కూడా. నీ రూలు తప్పలే. గరికను ఎంత తొక్కినా మళ్లీ వస్తాది కదా, అందుకే అది."

"రాయలేదంట! ఆ ఊరోళ్లకు రాయడమంటే అదే కదే!"

వారాల తరబడి ఆ బొమ్మల్లో మునిగి ఉన్న నన్ను మాయ చేద్దామనుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పిన మాట వినవు, చిన్నప్పటి నుంచీ అంతే, రెండుసార్లు అనుభవించి కూడా బుద్ధి రాలేదు అని నోటికొచ్చినట్టు తిట్టాను. తను పక్కకు తిరిగి పడుకుని ఉంది గదా, కన్నీళ్లు ముక్కు మీదుగా అడ్డంగా జారి దిండు మీద పడ్డాయి. నేను లేచి రబ్బరు తెచ్చాను.

గోడకు రబ్బరు ఆన్చాను, మళ్లీ తీశాను. ఉంచితే, బిడ్డ రాకముందే పేరు వచ్చి కూర్చున్నట్టు. చెరిపితే, మనవడో మనవరాలో ఎవరైతే వాళ్ల పేరును నా చేత్తో నేనే తుడిచేసినట్టు. రోజంతా చెరిపి బతికేదాన్ని, గోరంత బొమ్మ ముందు దిక్కు తోచక నిలబడ్డాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు నా పనే నాకు దారి చూపించింది. ఆ కాగితాల్లో తలకూ మొక్కకూ మధ్య గీత ఉంటేనే అది పేరు. గీత లేకపోతే తల తలే, గడ్డి గడ్డే.

"గీత ఒకటి తీసేస్తా," అన్నాను. "బిడ్డ ఆడే ఉంటాది, గరికా ఆడే ఉంటాది. పేరు మాత్రం ఇంకా పెట్టలే. సరేనా?"

మా అమ్మాయి తడి కళ్లతోనే నవ్వింది. "నువ్వు లాయరుగా పోవాల్సిందిమా."

గీతను మాత్రం చెరిపాను. గరిక కొనకు తగలకుండా, తల మీది జుట్టుకు తగలకుండా. అంత జాగ్రత్తగా ఆఫీసు పని ఎప్పుడూ చేసి ఎరగను. తర్వాత గోడకు అడ్డంగా ఒక దిండు నిలబెట్టి, ఇంక అటు చూడటం మానేశాను.

ఆ వారంలోనే సూపర్‌వైజరు ఫోన్ చేసింది. మొక్కల వేళ్లన్నీ ఏమయ్యాయని పని ఇచ్చినవాళ్లు అడుగుతున్నారట. వేళ్లు కూడా బొమ్మలో భాగమే, దయచేసి తీయొద్దు అన్నారట. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పద్ధతి పెట్టిన మహాతల్లిని నేనే గనక, నవ్వు ఆపుకుంటోందని మాత్రం గొంతులో తెలిసింది. అసలు ఫొటోలు మేమెప్పుడూ పారెయ్యం కాబట్టి కొంప మునిగిందేమీ లేదు. మళ్లీ మొదటి నుంచి కోయాలి, అంతే.

ఫోన్ పెట్టేసి విసుక్కుంటుంటే మా అమ్మాయి అంది. "వేళ్లుంటేనే కదమా అది బతికుండే చెట్టు. లేకుంటే ఉట్టి కట్టె. నువ్వు పెరికేసిన చెట్టు అనుకుంటివి, కదా?"

నా భయం తనకు మొదటి నుంచీ తెలుసన్నమాట. రూలు అని నేను చెప్పిన సాకు తన దగ్గర ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా దాని మీద ప్రేమ పొంగుకొచ్చింది. "నోరు మూసుకుని పాలు తాగు," అన్నాను.

పోయిన వేళ్లను తిరిగి పెడుతూనే రోజులు గడిచాయి. వానలు మొదలయ్యాయి, ఎనిమిదో నెల వచ్చింది. ప్రతి పొద్దునా ఇంకో రోజు గడిచింది అనుకుంటూ లేచేదాన్ని. మంచి నిద్ర అంటే ఏమిటో మరిచిపోయాను. పక్క గదిలో మంచం కిర్రుమంటే నాకు మెలకువ వచ్చేసేది.

ఒక పొద్దున నేను ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను, అల్లుడు ఆఫీసుకు పోవడానికి బూట్లు వేసుకుంటున్నాడు. బాత్‌రూమ్ నుంచి "అమ్మా" అని పిలుపు వచ్చింది. పెద్ద గొంతు కూడా కాదు. ఆ పిలుపులోనే నాకు అంతా తెలిసిపోయింది. పోయి చూస్తే కాళ్ల దగ్గర రక్తం. అల్లుడు ఒక బూటుతోనే పరిగెత్తుకొచ్చి తనను ఎత్తుకున్నాడు. వీధి చివర ఆటో దొరికింది. దారి పొడుగునా తను నా చెయ్యి వదల్లేదు, నేను దేవుళ్లలో ఎవరినీ వదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఇంక ఆగడానికి లేదు, ఇప్పుడే ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తియ్యాలి అంది. బతుకుతుందా అని నేను అడిగేలోపే తలుపులు మూసుకున్నాయి. బయట నేనూ, అల్లుడూ మిగిలాం.

"కూర్చోండి అత్తయ్యగారూ," అన్నాడు.

"నా వల్ల కాదు నాయనా."

వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆ గీత నా బుర్రలోకి దూరింది. బిడ్డకూ పేరుకూ మధ్య ఉన్న గీతను చెరిపింది నేను. బిడ్డను పట్టి ఉంచింది అదేనేమో, దాన్ని నేనే తెంపేశానేమో. ఇన్ని నెలలూ పేరు ఉంటే ఏమవుతుందోనని వణికినదాన్ని, ఇప్పుడు పేరు లేకపోతే ఏమవుతుందోనని వణుకుతున్నాను. ఇది వెర్రి అని నాకు తెలుసు. తెలిసినా ఆపుకోలేక అల్లుడికి చెప్పేశాను, మీ గోడ మీద గరిక బొమ్మకు గీత చెరిపిన పాపిష్టిదాన్ని నేనే అని.

అతను లేచి నాకు ఎదురొచ్చాడు.

"ఆ బొమ్మ గీసింది నేనండీ," అన్నాడు మెల్లగా. "తను చెప్తుంటే గీశాను. తనకి బొమ్మలు రావు కదండీ."

"నువ్వా?"

"అవునండీ. మీరు గీత చెరిపేశారని తను ఆ రోజే చెప్పింది. మళ్లీ గీయమంది. గీసేశానండీ."

"యాడ? ఎప్పుడు?"

"ఆ సాయంత్రమేనండీ. మీరు వంటింట్లో దోసెలు పోస్తున్నారు."

"అంటే ఇన్నాళ్లూ ఆ గీత ఉండాదా?"

"ఉందండీ, దిండు వెనకాల. ఈసారి కాస్త గట్టిగానే గీశాను."

మొగుడూ పెళ్లాం కలిసి నా చెవిలో పువ్వు పెట్టారు. నేనేమో వాళ్ల గీతకు కాపలాగా దిండు కూడా నిలబెట్టాను. కోపం రావాలి, రాలేదు. నా మాట తప్పిన మనిషిని చూసి సంతోషపడటం నా జీవితంలో అదే మొదటిసారి. "మంచి పని చేసినావు నాయనా, మంచి పని చేసినావు," అన్నాను. ఆ మాటకు అతను ముఖం పక్కకు తిప్పుకుని చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఇన్ని నెలలూ నవ్వుతూ ఆఫీసుకు పోయి వచ్చిన మనిషి లోపల నాకంటే ఎక్కువ భయపడ్డాడని అప్పుడు తెలిసింది.

ఇంకాసేపటికి నర్సు బయటికొచ్చింది. ఆడపిల్ల, తల్లి బాగుంది అని తమిళంలో చెప్పింది. పాప చిన్నది, కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచాలి, కానీ ఊపిరి తనే తీసుకుంటోంది, ఏడ్చింది కూడా.

"గట్టిగా ఏడ్చిందా?" అని అడిగాను.

"మీకు వినపడలేదా పాట్టీ? మా చెవులు పోయాయి," అని అప్పుడే నన్ను అమ్మమ్మను చేసేసింది.

మా అమ్మాయిని గదిలోకి తెచ్చాక దగ్గరికి పోయాను. పెదాలు ఎండిపోయి, ముఖం పాలిపోయి ఉంది. "చూసినావామా?" అంది. ఇంకా చూపించలే, నీకెట్ల ఉండాది అన్నాను. "దాహంగా ఉండాదిమా," అంది. ఆ మాట వినేసరికి నా గుండె కుదుటపడింది. దాహం వేస్తోందంటే మనిషి నా దగ్గరే ఉందని, ఇంకెక్కడికీ పోవడం లేదని.

మధ్యాహ్నం నన్ను పాపను చూడటానికి రానిచ్చారు. అద్దాల పెట్టెలో మూరెడు కూడా లేదు. తలకు టోపీ, ముక్కు మాత్రం మా ఆయనదే, దాచినా దాగదు.

"మాట్లాడండి పాట్టీ, గొంతు గుర్తుపడతారు," అంది అక్కడి నర్సు. "పేరేంటి?"

"పురుడు వెళ్లేదాకా పేరు లేదు."

"అయితే అప్పటిదాకా ఏమని పిలుస్తారు?"

"తిడతాను," అన్నాను.

అద్దం దగ్గరికి వంగాను. "ఏందే, మీ అమ్మను నెలల తరబడి మంచాన పడేసి, మీ నాయన్ని ఒంటి బూటుతో ఊరంతా పరిగెత్తించి, నన్ను సగం చంపి, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు పడుకున్నావా?" అని మొదలుపెట్టాను. నా కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తిట్లు ఆగడం లేదు. అంత సంతోషంగా నేను ఎవరినీ తిట్టలేదు.

ఆ పిల్ల కళ్లు తెరవలేదు. నోరు మాత్రం ముఖమంత తెరిచి, తీరిగ్గా ఆవలించింది.

"ఇంత చేసి నీకు నిద్రొస్తా ఉండాదా?" అన్నాను. అంటూ అంటూనే నేనూ ఆవలించాను. ఎన్నాళ్లకో నాకు నిద్ర వచ్చింది.